అడుగున్నర

కొత్త అప్‌డేట్ వచ్చిన రాత్రి
నయీంనగర్ నాలా పక్క సెంటర్ల
పన్నెండు కుర్చీలు ఒక్కసారే తిట్టినయ్.

"మనిషి ఆగుతలేడన్నా!"
"కీ ఇడిచినంక గూడ అడుగున్నర పోతుండు!"
"తుపాకి చూడు, తాగినోని లెక్క ఊగుతంది!"
నితిన్‌గాడు మౌస్ ఎత్తి టేబులుకు కొట్టిండు.
జబ్బారన్న మురుకుల ప్యాకెట్లు తాడుకు గుచ్చుకుంట
"దాని పైసలు నువ్వే కట్టాలె" అన్నడు,
తల ఎత్తకుంటనే.

నేను మాట్లాడలే.
నాకు ఎరుకే ఆ అడుగున్నర.

పొద్దున ఆరింటికి ఎనుమాముల యార్డుల
నలభై కిలోల మిర్చి టిక్కి మెడ మీదికెక్కుతది.
లారీకేసిన చెక్క మీద
ఆగాలె అనుకున్న కాడ ఆగుడుండదు.
అనుకున్నది మనసు.
టిక్కికి ఆ ముచ్చట ఎవలు చెప్పాలె?
అది దాని తొవ్వల అది పోతనే ఉంటది,
కాళ్లే ఎన్క ఉరికి
బతిమాలి నిలబెట్టాలె.

ఇన్నేండ్లు ఆ ఆటల మనిషికి బరువు లేకుండె.
గోడ సాటుకెళ్లి ఇటు దుంకి, అటు దుంకి,
గాలిలనే తిరిగి,
బల్బు ఆర్పినట్టు ఆగి
సీదా నెత్తికే గురి.
మస్తు మంది గెలిచిన్రు అట్ల.
నా పేరు ఎప్పుడు కిందికెళ్లి రెండోది.
నా వేళ్లు నమ్మకపోతుండె:
ఎవలన్న గట్ల ఆగుతరా?

ఇయ్యాల ఆటకు బొక్కలొచ్చినయ్.
మలుపు రాకముందే కీ ఇడుస్త.
మెల్లగ ఒరుగుత.
బూటు గచ్చు మీద రాకినంత సేపు ఓపిక పడుత.
తుపాకి ముందుకు ఊగుతది, ఎన్కకొస్తది,
మల్ల కొంచెం, ఇంకా కొంచెం,
కాంటా ముల్లు కుదురుకున్నట్టు.
అప్పుడు నొక్కుడే.
ఒకటి. రెండు. ఐదు.

నితిన్‌గాడు నా కుర్చీ ఎన్కకొచ్చి నిలబడ్డడు.
"ఎట్లరా మొగిలీ?"
ఎట్లని చెప్పాలె.
"కాంటా చూడు" అన్న.
వానికి సమజ్ కాలే.

మా బాపు ఓదెలు
టిక్కి మోసుడు బందువెట్టి ఆరేండ్లు.
ఐనా చాయకు పోయినా, పింఛన్‌కు పోయినా
మెడ ముందుకే,
పొట్టి పొట్టి అడుగుల ఉరుకుడే,
బరువు ఇంకా మీదనే ఉన్నట్టు,
ఎదురుంగ చెక్క ఊగుతున్నట్టు.
"నిమ్మలంగ నడువరాదయ్యా" అంటది అవ్వ.
నడుస్తడు, నాలుగడుగులు.
ఐదోది మల్ల ఉరుకుతది.
కీ ఇడిచి ఆరేండ్లు.

ఆఖరి రౌండు.
ఇద్దరమే మిగిలినం.
వాడు నీళ్ల ట్యాంకు కాడ, నేను మెట్ల కింద.
ఉరుకుడు ఆపిన.
గుండె కొట్టుకునుడు తుపాకి కొసకు తెలుస్తంది.
ఊపిరి బిగవట్టే బటను నొక్కిన.
తెరల మనిషి బిగవట్టిండు,
ఇటు నేను గూడ.
ముల్లు కుదురుకుంటంది. ఇంకింత.

దగ్గొచ్చింది.

మాపటి దాక మోసిన తేజా మిర్చి,
ముక్కుల, గొంతుల, అంగి కాలరుల దాక్కున్నది
గిప్పుడే లేసింది.
చెయ్యి దుంకింది. గురి ఆకాశం చూసింది.
వాడు నన్ను నిమ్మలంగ కాల్చిండు.

సెంటరంత నవ్విన్రు. నేను గూడ.
పక్క కుర్చీల పోరడు తుమ్మిండు,
వాని పక్కోడు, వాని పక్కోడు.
జబ్బారన్న ఫ్యాను బందు చేసి
"బయటికి పోయి అంగి దులుపుకొని రా పోరా" అని ఒర్రిండు.

బయట నాలా మీది గాలి.
అంగి ఇప్పి దులిపిన.
మల్ల లోపలికి పోబుద్ధి కాలే.
రెండు గొట్టింది. ఆరింటికి యార్డు.
ఇంటి దిక్కు పోతుంటే చూసుకున్న
నా కాళ్లు:
పొట్టి పొట్టి అడుగులు.

ఆగిన.
అడుగున్నర పోయినంక.