వాలు వెలుతురు

రేణిగుంట షెడ్డులో
మూడు వారాలు కళ్ళ బేరం చేశాను.

మొదటివాడు చెన్నై నుంచి వచ్చాడు.
కోటీ ఇరవై లక్షల చుక్కలు సార్, అన్నాడు,
చీమ మీసం కూడా లెక్కపెడుతుందట.
లెక్కపెట్టింది, నిజమే.
నూనె బొట్టును నెర్రె అంది,
గుడ్డ పోగును నెర్రె అంది,
నా వేలిముద్రను చూసి ఎర్ర గంప చూపించింది.
అన్నీ కనబడే కంటితో కాపురం కష్టం.

రెండో కన్ను మంచిదే.
మధ్యాహ్నం దాకా ఒక్క తప్పూ లేదు.
పన్నెండూ పదికి గూడూరు వైపు గూడ్సు కదిలింది,
షెడ్డు వణికింది, స్టాండు వణికింది,
పంపు మూతకు రెండు అంచులొచ్చాయి.
సాయంత్రం పడమటి రేకు సందులోంచి
ఎండ చీలిక ఒకటి బెల్టు మీద పడింది.
పాపం, అంతటితో గుడ్డిదైపోయింది.
మా ఎండకొక టైంటేబుల్ ఉందని
బ్రోచరు రాసినవాడికి ఎవరు చెప్తారు?

మూడో కంపెనీ హోసూరుది. వచ్చిన అమ్మాయి
పెట్టె తెరవకముందే అడిగింది:
మీ చెడ్డవి చూపించండి.
చెడ్డవా?
ఏ రోజు చెడ్డవి ఆ రోజే కొలిమికి.
మంచివి వేలున్నాయి, మచ్చుకొక తప్పు లేదు.

అప్పుడు లేచింది దేశమ్మ,
ఇన్‌స్పెక్షన్ బల్ల, రెండో షిఫ్టు, పదమూడేళ్ళు.
బల్ల కిందనుంచి నూనె డబ్బా ఒకటి లాగింది.
అరవై మూడు మూతలు,
ఒక్కోదాని మీదా సుద్దతో తేదీ.
"కొత్తగా వొచ్చే పిలకాయలకు
చూపించేదానికి పెట్టుకోనుండా" అంది.

అమ్మాయి ఒకటి తీసి సూటిగా చూసింది. ఏమీ లేదు.
"సూటిగా చూస్తే ఏముంటాదిమా,
వాలుగా పట్టు.
వెలుతురు పక్కనుంచి పాకితే
నెర్రెకు నీడ పడతాది."
దామలచెరువు మండీలో తోతాపురి ఏరిన చెయ్యి అది.
మణికట్టు కొంచెం ఎడమకు, ఇంకొంచెం,
వెంట్రుక రాలినట్టు ఒక గీత లేచింది.
అమ్మాయి నోట్‌బుక్కులో రాసుకుంది:
పదిహేను డిగ్రీలు.

చివరికి కొన్నది చిన్న కన్నే.
డబ్బంతా దీపానికి పెట్టాం,
నేలబారున వెలిగే ఉంగరం దీపం.
ఎండ రాకుండా నల్లగుడ్డ గుడారం,
గూడ్సుకు బెదరకుండా కాళ్ళ కింద రబ్బరు.
పర్చేజ్ ఆర్డర్లో పద్నాలుగు వరసలు.
నూనె డబ్బా ఏ వరసలోనూ లేదు.
దానికెంత వెయ్యాలో
అకౌంట్స్ చక్రపాణికి నేను చెప్పలేకపోయాను.

తొలిరోజు, ఆరు కీళ్ళ చెయ్యి
ఒక మూతను ఎర్ర గంపలో వేసింది.
దేశమ్మ తీసింది. వాల్చింది. తిప్పింది.
కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్ళీ వాల్చింది.
నాకేమీ కనబడలేదు.
గూడ్సు వచ్చి, పెట్టెలన్నీ పోయేదాకా
అలాగే పట్టుకుని నిలబడింది.

"ఉండాది" అంది.
సుద్దతో తేదీ వేసి
డబ్బాలో పెట్టుకుంది.