ఎనిమిదులు

పరకాల అవతల మా ఓదెలు మామ చేన్ల
ఆ ఏడు పత్తి రొమ్మెత్తు పెరిగింది.
ఆకు నిగనిగ. చూసినోళ్లు దిష్టి తీయించుకొమ్మన్నరు.
దసరా దాటినా కాయ పట్టలే.

విత్తనం సంచి మీద అన్నీ ఉండె.
కంపెనీ బొమ్మ, లాటు నంబరు, తళతళ మెరిసే స్టిక్కరు.
అసలు దానికీ దీనికీ తేడా
దుకాణం సేటుకే తెల్వదట.
తెల్వదనే అన్నడు.

చెట్లు పీకి పొయ్యికని మోపులు కడుతుంటే
నేనొక మోపు అడిగిన.
హన్మకొండ బస్సుల కండక్టరు దానికీ టికెట్టు కొట్టిండు.

ల్యాబుల ఆ కట్టె నూరి, నీళ్లల్ల కలిపి,
ఉక్కు డబ్బాల బిగించి, రాత్రంత ఓవెన్ల ఉడకబెట్టిన.
తెల్లారి చూస్తే చాయ డికాషన్ లెక్క నీళ్లు.
యూవీ లైటు పట్టంగనే
నీలంగ లేచినయి
కంటికి ఆనని బొగ్గు నలుసులు.
వెంట్రుకను పదివేల పాయలు చీలిస్తే
ఒక్క పాయంత.

అంతంత వాటికి అలకలు.
ఇనుము తగిలితే మూగబోతయి,
పులుపు ఎక్కితే రంగు మారుస్తయి,
వేడికి మెత్తబడతయి.
పక్క బల్ల మీద నుస్రత్ వాటిని జీవకణంలకు పంపి
లోపల జ్వరమెంతో అడుగుతది.
నాది సిరా పని.

రెండు సిరాలు చేసిన.
ఒకటి లైటుతోనే ఆరిపోతది.
ఇంకోటి, లైటు పోయినంక గూడ
నాలుగు క్షణాలు ఆగుతది,
గడప దాటినోడు ఏదో యాదికొచ్చి నిలబడ్డట్టు.

మామ వచ్చిండు, చెప్పులు వరండాల విడిచి.
కిటికీలు మూసి, కాగితం మీద లైటు వేసిన.
"అన్నీ ఎనిమిదులే గద బిడ్డా."
ఆర్పిన.
చీకట్ల కొన్ని గీతలు రాలిపోయినయి.
మిగిలినవాటిని గట్టిగ చదివిండు,
ఎనుమాముల కాంట కాడ తూకం చదివినట్టు:
"మూడు… ఒకటి… ఏడు…"
నాలుగోది అందకముందే పోయింది.
"మళ్లోపాలి వెయ్యి."
వేసిన. ఐదుసార్లు వేయించిండు.

"దొంగోడు గూడ ఇట్లనే ఉడకబెడితే?"
నా దగ్గర జవాబు లేకుండె.
వాడు ఉడకబెట్టే లోపల ఇంకోటి కనిపెట్టాలె అని
అనుడైతే అన్న.

"వెలుతుర్ల మంచిగనే కనపడె గద, చేను…"
నాతోని కాదు, కాగితంతోని అన్నడు.

ఇది ఆ చేను కట్టెనే అని చెప్పబోయి ఊకున్న.
మామ సీసా అందుకొని
మూత తీసి
వాసన చూసిండు.
శానాసేపు చూసిండు.