అక్రోటు పలక

నీకు ద్రాక్షలు తేలేదు, ఓయ్‌బెక్.
జలాలాబాద్ ఆసుపత్రిలో
ద్రాక్షలు తెచ్చేవాళ్ళకు కొదవ లేదు.
మంచం అంచున కూర్చుని
నీ కాళ్ళు చూడలేక
కిటికీ చూస్తారు.

నేను తెచ్చింది ఒక పలక.
మూరన్నర పొడవు, జానెడు వెడల్పు.
అవును, అక్రోటు చెక్కే.
ముఖం తిప్పుకోకు.

నువ్వు ఏ కొమ్మ మీంచి పడ్డావో నాకు తెలీదు.
నాది పడమటి వాలులో ముసలి చెట్టు, మూడో పంగ.
తొమ్మిదేళ్ళ కిందట, సెప్టెంబరు ఆఖర్న.
పచ్చి తొక్కలతో వేళ్ళు నల్లగా చేసుకుని
ఇంకా దులుపు జుల్‌హుమార్ అక్కా, అని
కింద పిల్లలు ఒకటే కేకలు.
దులిపాను.
కాయలు రాలాయి, నేనూ రాలాను.
దాని గురించి అంతకన్నా చెప్పడానికేం లేదు.

తర్వాత పద్నాలుగు నెలలు
మా అత్త నన్ను కన్నకూతురికన్నా మిన్నగా చూసింది.
గొర్రె తోక కొవ్వు కాచి నడుముకి రాసింది.
పలావు ముద్దలు చేసి నోటికందించింది.
దిండు మీద దిండు వేసి
కదలకు తల్లీ, కదలకు, అంది.
నేను కదల్లేదు.
వీపు కింద నాణెమంత ఎరుపు
టీ గిన్నె పట్టేంత గుంట అయింది.
నొప్పి లేదు. అదే కదా మన జబ్బు.
వాసన వచ్చాక తెలిసింది.

అప్పుడు బిష్కెక్ నుంచి ఒకామె వచ్చింది, అయ్‌జామల్,
చక్రాల మీద,
మా వాకిట్లో బురదని తిట్టుకుంటూ.
రొట్టె పళ్ళెం నాకు అందీ అందనంత దూరాన పెట్టి
మా అత్తతో అంది:
"మీ చేతులు మీ ఒళ్ళో పెట్టుకోండి."

ఆ రోజు పైజామా నేనే తొడుక్కున్నాను.
నలభై నిమిషాలు.
గుమ్మం బయట మా అత్త
అయ్‌జామల్ ఏడు తరాలనూ శపించింది.

పలక సంగతి చెబుతాను.
విరిగిన కొమ్మని చలిమంటకని కొట్టంలో పడేశారు.
నా భర్త ముఖ్తార్ దాన్ని బయటికి లాగి
కోసి, చిత్రిక పట్టి, ఆ కాయల నూనే పట్టించాడు.
మంచానికీ కుర్చీకీ మధ్య వంతెన.
ఒక్క పేడు లేచి ఉన్నా నా ఒంటికి తెలీదు.
అందుకని తన చెంప ఆనించి
ఈ చివర నుంచి ఆ చివరకు
మెల్లగా జరిపి చూశాడు.
రెండుసార్లు గీసుకుపోయింది.
మూడోసారి నవ్వి, కూర్చో, అన్నాడు.

నడుస్తావని చెప్పను.
నడవవని చెప్పడానికి డాక్టరున్నాడు.
నేను చెప్పేవి చిన్న సంగతులు.
పదిహేను నిమిషాలకోసారి పిర్రలు ఎత్తాలి,
మాట మధ్యలోనైనా, పెళ్ళి విందులోనైనా.
నాలుగు గంటలకోసారి గొట్టం.
సిగ్గుపడితే మూత్రపిండం ఊరుకోదు.
రాత్రి అద్దంతో నీ వీపు నువ్వే చూసుకోవాలి,
కొత్త పెళ్ళికూతురు ముఖం చూసుకున్నట్టు.

ఇంకోటి. మా గ్రామ కార్యాలయానికి మూడు మెట్లు.
ఎత్తుకు తీసుకెళ్తామన్నారు, నలుగురు మంచివాళ్ళు.
వద్దన్నాను.
రెండేళ్ళు మెట్ల కిందే కూర్చుంటే
కాగితాలు పట్టుకుని ప్రతిసారీ వాళ్ళే దిగొచ్చారు.
దిగీ దిగీ విసిగి
మూడో ఏడు సిమెంటు తెప్పించారు.

ఆ కొమ్మలోంచి పదకొండు పలకలొచ్చాయి.
నీది తొమ్మిదోది.
మిగిలిన రెండూ గోడకి ఆనించి ఉన్నాయి.
వచ్చే వారం మళ్ళీ కాయలు దులుపుతారు.
నేను వాటివైపు చూడను.

సరే, రా.
నీ భుజాలు బాగున్నాయి, చెట్లెక్కిన భుజాలు.
చెట్టు వాటిని నీకే వదిలేసింది.
పలక తొడ కిందికి తోయి. ఇంకొంచెం.
బ్రేకు వేశావా? మళ్ళీ చూడు.

తలుపవతల మీ అమ్మ ఉంది.
లోపలికి రావద్దని నేనే చెప్పాను.
నన్ను తిట్టుకుంటోంది, వినిపిస్తోంది.
తిట్టనీ.

ఎడమ చెయ్యి ముందు.
ఊఁ.