ఇనుముకు అంగీ

నేను సముద్రం చూడలే.
వడ్డెపల్లి చెరువు మత్తడి దుంకంగ చూసిన,
గంతే.
అయినా పొద్దటిసంది
ఓడ ఇంజనుకు అంగీ కుడుతున్న.

కొత్తవాడల మా ఆయన రాజమొగిలి
జంపఖానాలు నేసిన షెడ్డే ఇది.
మగ్గం గుంత పూడ్చి సిమెంటు పోసిండ్లు.
ఎండకాలం ఆడ కాలు పెడితే
ఇప్పటికీ జరంత సల్లగ తాకుతది.

కొలతలు విశాఖ నుంచి ఫోన్ల వస్తయి.
గట్టు సారంగపాణి సుద్దముక్కతోని నేల మీద గీసి చెప్పిండు:
ఇది పొగగొట్టం. ఇది టర్బో, నత్తగుల్ల తీరు.
ఇంజన్ల కాలిన పొగ దీంట్ల దూరి చక్రం తిప్పుతది,
ఆ చక్రం ఇంజనుకు ఇంకింత గాలి మింగిస్తది.

"గొట్టం మీద నీళ్లు పోసి సల్లార్పరాదు?" అన్న.

"సల్లారితే పొగకు సత్తువ యాడిదక్కా?
ఆ ఐదారువందల డిగ్రీలే చక్రానికి కూడు.
నీళ్లు కలిపేది టర్బో దాటినంకనే.
అందాక వేడిని సంపొద్దు,
బయటికి రానియ్యొద్దు."

లోపల స్టీలు జాలి.
దాని మీద గాజుబట్ట.
నడుమ రెండు వేళ్ల మందం తెల్ల దూది.
దూది కాదట, రాయిని కరగబోసి తీసిన నూగట.
రాయిని గూడ వడికినోడు
యాడనో మా పద్మశాలోడే అయి ఉంటడు.
పైన వెండిరంగు పూత బట్ట,
నూనె చిందినా ఇంకకుండ.
సూదిల దారం బదులు తీగె.

గాజునూగు దురద ఎవలకు చెప్పినా తెల్వది.
మోచేతుల దాక పాత చీరె పేలికలు చుట్టుకుంటం.
కొబ్బరినూనె రాస్తే ఇంకా లోపలికి దిగుతది,
సల్లనీళ్లే మందు.

శ్రావణంల ఒక అంగీ తిరిగొచ్చింది,
లారీ పార్సిల్ల, గోనెసంచి చుట్టుకోని.
అంచు బొగ్గయింది.
క్లాంపు కాడ నేను వదిలిన సందు, రెండు వేళ్లంత.
డీజిలు పైపు చిట్లి
సన్నగ చిమ్మిందట,
ఇంజనంత ఉండంగ సరిగ్గ ఆ సందుకే.
మంట లేసింది. ఆర్పిండ్లు.
గ్రీజు పెట్టే పిలగాని మోచెయ్యి కాలింది.
కాయితంల పేరు రాసిండ్లు:
గరికిన సింహాద్రి, ఇరవై ఒకటి.

మడతలు విప్పితే తెల్లగ ఉప్పు రాలింది.
సముద్రం గట్ల వచ్చింది మా ఇంటికి.
నాలుకకు తాకిద్దామని వేలు ఎత్తి,
గాజునూగు యాదికొచ్చి దించిన.

"సందు పెట్టమన్నది వాళ్లే," అన్నడు సారంగపాణి,
"పానా పెట్టి బోల్టు తిప్పనీకి. నీ తప్పు లేదు."
తప్పు సంగతి నేను అడగలే.

ఇప్పుడు క్లాంపు మీద ఒక రెక్క కుడుతున్న,
నాలుగేళ్లు అవుతలికి పడేటట్టు, కొక్కేలతోని,
ఒక్క చేత్తోని ఊడేటట్టు.
విప్పరాని అంగీ తొడిగితే
మెకానికు ఒక్కసారి విప్పి మూలకు పడేస్తడు,
మల్ల ఎవడూ తొడగడు.
మా ఆయన కోటుకు గదే అయింది.

పైన రెండువందల ఇరవై దాటొద్దని రూలు.
రెండువందల ఇరవైకి నూనె అంటుకోదట.
మరి చెయ్యి?
రూలు మంటను చూసి రాసిండ్లు,
మనిషిని చూసి కాదు.

సుద్దగీత పక్కన కూసోని
గ్రీజుగన్ను పట్టినట్టు చెయ్యి చాపిన.
మోచెయ్యి యాడికొస్తదో ఆడ గుర్తు పెట్టిన.
గుర్తు కాడ ఇంకో వేలు మందం రాతిదూది ఎక్కిచ్చిన.

"ఇది డ్రాయింగుల లేదు గదక్కా?"

"ఖాతాల రాయకు," అన్న.
తీగె తెంపిన.