ఫ్రేము బయటి తోక

చిలోయే దీవిలో ఆదివారం.
వాన ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు.
కట్టెల పొయ్యి పక్కన లాప్‌టాప్ తెరిచి
నా ఫొటోను నేనే వెతుకుతున్నాను.
తప్పిపోయిన మేకను వెతికినట్టు కాదు,
దాని తోలు ఎవరి కాళ్లకు చెప్పులైందో చూద్దామని.

ఫొటో ఇది:
ఆటు వేళ, మోకాలి లోతు నీళ్లలో సునీల్దా రయీన్.
భుజం మీద తడి నాచు మోపు,
స్వెటర్‌కి గుండీ బదులు పిన్నీసు,
ఎడమ చేతికి నాలుగే వేళ్లు.
ఉంగరపు వేలిని పడవ తాడు తీసుకుపోయింది
ఉంగరంతో సహా.

ఫొటోను సెర్చ్ పెట్టెలోకి లాగి వదిలాను.
గాలం వేసినవాళ్లకి తెలిసిన ఆ రెండు క్షణాలు,
తర్వాత ఒకటే చేపలు.

మోకాళ్ల నొప్పి తైలం డబ్బా మీద సునీల్దా.
ఏదో బ్యాంకు వాళ్ల 'మీ రేపటికి మా భరోసా' పైన సునీల్దా.
ధ్యానం నేర్పే పుస్తకం అట్ట మీద,
పక్కనే పెద్ద అక్షరాల్లో 'ప్రశాంతత'.

ఆ రోజు ఆమె తిడుతోంది.
నాచు కొనేవాడు కిలోకి ముప్పై పెసోలు కోశాడని
వాణ్ణీ వాడి లారీనీ వాడి లారీ టైర్లనీ తిడుతోంది.
తిట్టుకీ తిట్టుకీ మధ్య ఊపిరి పీల్చుకున్నప్పుడు
నేను మీట నొక్కాను.

కింద మూల నా పేరుండేది.
కొందరు కత్తిరించారు.
ఒకడు మాత్రం దాని మీద ఓపిగ్గా నాచు మొలిపించాడు,
పోచ పక్కన పోచ.
అందులో సగం ఓపికతో
నాకో ఉత్తరం ముక్క రాసి ఉండొచ్చు.

'తిప్పి వెతుకు' అన్నాడు
కాస్త్రోలో ప్రింట్ల దుకాణం నడిపే నసారియో.
'అద్దంలోలా తిరగేస్తే యంత్రం ఒక్కోసారి పోల్చుకోలేదు.
మొహం వదిలెయ్, ఒక్క ముక్క కోసి ఇయ్యి,
పిన్నీసో, వెనక కొండ గీతో.'

తిప్పాను.
నా చేత్తో నేనే ఆమె వేలిని
కుడి చేతి నుంచి పోగొట్టాను.
ఇంకో పంతొమ్మిది దొరికాయి.

ప్రతి పేజీకీ బొమ్మ తీసి, తేదీ రాసి, చిరునామా దాచి
ఆ తర్వాతే ఉత్తరాలు. ముందు ఉత్తరం వెళ్తే
పొద్దున్నకి పేజీ ఉండదు, పొగ కూడా ఉండదు.
తైలం కంపెనీకి 'ఈ ఫొటో మీకెక్కడిది?' అని మాత్రమే రాశాను.
'మేం దొంగలం కాము' అని జవాబు.
గుమ్మడికాయల మాట ఎత్తకముందే భుజాలు!

బ్యాంకు లాయరు నాజూకుగా అడిగాడు:
మీదేనని రుజువు?

అసలు ఫైలు తెరిచాను, కోయనిది.
ఎడమ అంచున, నేను తీసేసిన వేలెడు మేరలో
ఒక పసుపు కుక్క తోక.
వంకర కాదు, నిటారుగా, జెండాలా.
నలభై ఆరు దొంగతనాల్లో ఎక్కడా లేని తోక.
బ్యాంకు డబ్బు పంపింది.

సగం సునీల్దాకి ఇవ్వాలని పడవెక్కాను.
ఆమె మాతే కాచి ఇచ్చింది,
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది,
ప్రింట్లన్నీ పొయ్యి వెలుగులో చూసింది.
'ప్రశాంతత' దగ్గర పడీపడీ నవ్వింది.
తిరగేసినదాని దగ్గర ఆగి
తన చేయి చాపి, బొమ్మ చేయి చూసి
'ఇదెవరు?' అంది.

చివరికి అడుగున ఉన్న అసలు ఫొటో.
చాలాసేపు ఏమీ అనలేదు.
చూపుడువేలు తన మొహం మీదుగా,
నాచు మీదుగా, అంచు దాకా నడిచింది.

'కనేలో' అంది.
ఆ చలికాలమే పోయాడట.
ఇంకెక్కడా వాడి బొమ్మ లేదట.

'అయితే వీణ్ణి కోసింది నువ్వా?'

పొయ్యిలో తడి కట్టె చిటపటలాడింది.
బ్యాంకుకి రాసినంత బాగా
దీనికి జవాబు రాయడం నాకు రాలేదు.

'ఈ తోక ఉన్నది నాకు పెద్దది చేసివ్వు' అంది,
'నన్ను కోసినా పర్లేదు.'