పల్లీకాయ ముక్కు

మూడు నెలలుగా నా బల్ల మీద ఒకటే డబ్బా.
లోపల పన్నెండు సీడీల ఒగ్గుకథ,
పాటల మాటలన్నీ అచ్చేసిన చిన్న పుస్తకం.
పైన, ఒళ్లంతా బిగిసిన ప్లాస్టిక్ పొర.
చర్లపల్లి షెడ్డులో వేడిగాలి తగిలితే
అది ముడుచుకునే తీరు చూడాలి,
చలికి దుప్పటి లాక్కున్న పిల్లాడిలా.
చుట్టడం మాకు బాగా వచ్చు.

విప్పడం గురించి అడిగింది మణెమ్మ ఒక్కతే.
జీడిమెట్ల ప్రెస్సులో చూపుడువేలు వదిలేసి వచ్చి
మా దగ్గర పెట్టెలు లెక్కపెడుతుంది.
"మేడమ్, గిది చుట్టేటోళ్లు
ఎన్నడన్న ఇప్పి చూసిండ్రా?"

చూశాను.
గోరు జారింది. తాళంచెవి జారింది.
పళ్లతో కొరికాను, ఎవరూ చూడట్లేదు కదా అని.
కత్తెర కోసం సొరుగు లాగితే
అది కొత్త కత్తెర,
ఇంకో ప్లాస్టిక్‌లో పడుకుని ఉంది.

సుల్తాన్ బజార్లో ఇనాయతుల్లా గారు
ఎడమ బొటనవేలు చూపించారు.
నలభై ఏళ్ల దుకాణం, మూడు కుట్లు.
"ఒకటి గజల్‌ది, ఒకటి ఖవ్వాలీది,
ఇదిగో ఈ పెద్దది
మీ తెలుగు హరికథది" అని నవ్వారు.

ఎర్ర దారం పెట్టాను, బిస్కెట్ పాకెట్‌కి ఉన్నట్టు.
దాని కొస ఎక్కడుందో నాకే దొరకలేదు.
ఏడో నమూనా ఉప్పల్ దాటకముందే
గుంతల రోడ్డుకి తనంతట తనే విచ్చుకుంది.
పదకొండోది మణెమ్మ నాలుగు వేళ్లకి లొంగలేదు.
ఆమె ఏమీ అనలేదు, డబ్బా తిప్పి
బల్ల మీద మెల్లిగా పెట్టింది.
అన్నా బాగుండేది.

రఘోత్తమరావు గారు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు,
"అంత తేలిగ్గా తెరుచుకుంటే దొంగకీ తేలికే కదమ్మా?"
ఆ రాత్రి మెట్రోలో తట్టింది జవాబు:
దొంగ జేబులో ఎప్పుడూ బ్లేడు ఉంటుంది సార్.
ఖాళీ చేతులతో ఉండేది
డబ్బులిచ్చి కొనుక్కున్నవాడే.

కోఠి బస్టాపులో వాన.
పొట్లం కట్టించుకున్న ఉడకబెట్టిన పల్లీలు.
బస్సు రాలేదు, ఇంకోటి ఒలిచాను, ఇంకోటి,
అప్పుడు చూశాను నా బొటనవేలిని.
అది వెతకడం లేదు.
ప్రతి కాయకీ ఓ చివర చిన్న ముక్కుంది.
నొక్కమని రాసిలేదు,
బాణం గుర్తు లేదు,
చీకట్లోనైనా వేలు అక్కడికే పోతుంది.
మట్టిలో ఉన్నన్నాళ్లూ నోరు విప్పనిది
చేతికొచ్చాక అడగ్గానే విచ్చుకుంటోంది.
బస్సు వచ్చి వెళ్లిపోయింది.

డబ్బా మూలన ముక్కు పెట్టాను.
తాకితే తెలిసేంత, లారీకి తెలియనంత.
వెనక సన్నటి గీత, లేజరుతో సగం లోతు.
పొర కూడా పల్చబడింది, డబ్బాకి రెండు గ్రాములు.
మణెమ్మ బొటనవేలితో నొక్కింది.
చీర కొంగు జారినంత సులువుగా
ఒకే ముక్కగా వచ్చేసింది.
ఆమె మళ్లీ ఏమీ అనలేదు,
ఇంకో డబ్బా తీసుకుంది. ఇంకోటి.
లెక్క తప్పిందని సూపర్‌వైజర్ అరిచాడు.

ఆర్డరు అయిదువందలు.
సీడీలు ఇప్పుడెవరు కొంటారని నన్నడక్కండి,
నేను చుట్టేదాన్ని.
మొదటి డబ్బా ఇనాయతుల్లా గారికే ఇచ్చాను.
కుట్లున్న వేలితోనే తెరిచారు.
ఒక్క క్షణం. నెత్తురు లేదు, తిట్టు లేదు.
ఆయన మాత్రం చెవి దగ్గర పెట్టుకుని
ఖాళీ పొరని నలిపి చూశారు.

"అంతా బాగుంది బేటీ,
ఆవాజ్ ఏది?
చిరిగేటప్పుడు ఆ చర్‌మనే చప్పుడుండేది,
అక్కడి నుంచే నాకు పాట మొదలయ్యేది."

తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నాను.
గీత లోతు కొంచెం తగ్గించాను.
మణెమ్మని పిలిచి, కళ్లు మూసుకున్నాను.
"నొక్కు" అన్నాను.