ఏడు పాయింట్ నాలుగు

ఋషికొండ దాటాక ఎడమచేతి ఎత్తు మీద
భాగ్యరేఖ గారి ఇల్లు.
ఏడు కొట్టేసరికి నేను నీళ్ల ముందు గొంతుక్కూర్చుంటాను.
మోచేతి దాకా ముంచి
అడుగు నీళ్లు పట్టి తీస్తాను.
పైపై నీళ్లు అబద్ధం చెబుతాయి.

ఐదు చుక్కల ఎర్రమందు,
మూత బిగించి మెల్లగా తలకిందులు చేస్తాను.
పసుపు తిరిగితే పులుపెక్కువ,
గులాబీ ముదిరితే పలకల మీద తెల్ల పొరలు.
మధ్యలో ఒక రంగుంది,
నారింజ కాదు, ఎరుపూ కాదు,
దాని కోసమే నాకు నెలకి నాలుగు వేలు.

పని కొత్తలో ఆసిడ్ బకెట్లోకి నీళ్లు పోశాను.
అది నా మీద ఉమ్మింది.
ముంజేతి మీద ఇప్పటికీ గోధుమ గింజంత మచ్చ.
నీళ్లలోకి ఆసిడ్ పోయాలిరా, ఆసిడ్‌లోకి నీళ్లు కాదు,
అన్నాడు మేస్త్రీ గవరయ్య, చెవి మెలిపెట్టి.
నీటి దగ్గర ఎప్పుడూ మర్చిపోలేదు.
ఇంట్లో, మా ఆవిడతో మాట పెరిగినప్పుడు
ఏది దేంట్లో పోశానో
తెల్లారాక గాని తెలీదు.

దసపల్లా హిల్స్ ఇంట్లో గాలి హార్బరు వైపు నుంచి తిరిగితే
నీటంచున కాటుక గీత, బొగ్గు నుసి.
ఇక్కడ ఆ బాధ లేదు.
ఇక్కడ ఉప్పు గాలి, నిచ్చెన బోల్టులకి తుప్పు,
వాన పడితే నీరు నిలకడ తప్పడం.
దానికి వంటసోడా. నాలుగు కిలోలు,
చల్లుకుంటూ అంచు చుట్టూ నడవాలి,
ముగ్గేస్తున్నట్టు, వెనక్కి.

మొన్న వాయుగుండానికి మూడు రోజులు కరెంటు లేదు.
మోటారు ఆగింది. కొలను గోంగూర రంగు తిరిగింది.
రెండు కప్పలు అప్పుడే అద్దెకి దిగాయి.
పొద్దు వాలాక క్లోరిన్ పోశాను,
ఎండ వేళ పోస్తే సూర్యుడే తాగేస్తాడు.
రాత్రంతా వసారాలో పడుకుని
మోటారు చప్పుడు వింటూ ఉన్నాను,
జ్వరం పిల్లాడి పక్కన పడుకున్నట్టు.
తెల్లారి చూస్తే బియ్యం కడుగు.
నాచు చచ్చింది, శవం పోలేదు.

భాగ్యరేఖ గారి కూతురు హంసిని
కళ్లద్దాలు నుదుటికెత్తి నిలబడింది,
తొమ్మిదేళ్ల మేనేజరు.
"ఇంకా ఎంతసేపు? ఏ నంబరు రావాలి?"
ఏడు పాయింట్ నాలుగు, అన్నాను.
"అదే ఎందుకు?"
మన కంట్లో నీరు కూడా ఇంచుమించు అంతే తల్లీ,
అందుకే మండదు.
కాసేపు కళ్లు ఆర్పి ఆర్పి చూసింది.
"మరి సముద్రం ఎంత?"

ముప్పైనాలుగేళ్లు దాని ఒడ్డున పెరిగాను.
మా నాన్న దాని రంగు చూసి వల వేసేవాడు.
నాకు తెలీలేదు.

ఆదివారం జాలరిపేటలో
పడవల మధ్యనించి దిగి, మోకాలి లోతులో
సీసా ముంచాను. ఐదు చుక్కలు.
గులాబీ. ఇంకా ముదిరింది.
అట్ట మీది ఆఖరి గడి దగ్గర ఆగింది.
నా నోటుబుక్కు లెక్కన
దీనికి ఆసిడ్ పోయాలి.
ఎన్ని డబ్బాలో లెక్కేయబోయి నవ్వొచ్చేసింది.
వల కుట్టుకునేవాళ్లు తలెత్తి చూశారు.

గంప దించి మా అమ్మ వచ్చింది.
"ఏటిరా కొర్లయ్యా, సముద్రానికి జబ్బు సేసిందేటి?"
లేదే. అట్ట సరిపోలేదు.
నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.
"ఆస్పత్రి కంపు. పిల్లులు కూడా నీ ఎనకాల రావు ఇంక."
నిజమే. రావడం మానేసి నాలుగేళ్లయింది.

సోమవారం చెప్పాను, ఎనిమిది పైన, అని.
హంసిని నీళ్లలోనే ఆగి
అంచు పట్టుకుని ఆలోచించింది.
"మరి చేపలకి కళ్లు మండవా?"

గొంతుక్కూర్చున్నాను.
మోచేతి దాకా ముంచాను.